రెండు కూపేలు, ఒక వారాంతం: మ్యూనిక్ నుంచి స్టుట్‌గార్ట్ దాకా

శుక్రవారం సాయంత్రం మ్యూనిక్‌లో డీలరు నా లైసెన్సు నకలు తీసుకుని, రెండు సంతకాలు పెట్టించుకుని తాళం చేతికిచ్చాడు. వారాంతానికి అద్దె, 600 కిలోమీటర్ల పరిమితి, సోమవారం పొద్దున తొమ్మిదికల్లా అప్పగించాలి. కారు బీఎండబ్ల్యూ ఎం440ఐ ఎక్స్‌డ్రైవ్ కూపే, ముదురు నీలం రంగు. దానికి పోటీ అయిన మెర్సిడెస్ సీఎల్ఈ 450 కూపేను శనివారం మధ్యాహ్నం స్టుట్‌గార్ట్‌లో మూడు గంటలు నడిపేందుకు ముందే మాట్లాడుకున్నాను. అక్కా బావా ఉండేది ఆ ఊళ్ళోనే. తెనాలి నుంచి వచ్చి మూడు వారాలుగా మా ఇంట్లో ఉన్న అమ్మను అక్క దగ్గర దింపాల్సిన పని కూడా ఉంది. పాపకు ఈత పోటీ ఉండటంతో మా ఆవిడ ఆగిపోయింది. అలా నేనూ అమ్మా బయలుదేరాం.

ఏడాదిన్నరగా ఈ రెండు కార్ల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. చదివిన కొద్దీ తేల్చుకోవడం కష్టమైంది. రెండింట్లోనూ మూడు లీటర్ల ఇంజనే, ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో. బీఎండబ్ల్యూది 374 హార్స్‌పవర్, మెర్సిడెస్‌ది 381. నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి 4.5 సెకన్లు, దీనికి 4.4. నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. డిక్కీ ఒకదానిలో 440 లీటర్లు, మరొకదానిలో 420. మెర్సిడెస్ 82 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు. ఈ తేడాలతో ఎవరు మాత్రం ఏం నిర్ణయించగలరు?

ఆరు సిలిండర్లు వరుసగా ఉండటం నాకు చాలా ముఖ్యం. ముందు మూడు పిస్టన్లు ఎలా కదులుతాయో వెనక మూడూ అద్దంలో ప్రతిబింబంలా అలాగే కదులుతాయి. ఒకదాని ఊపు మరొకదానితో చెల్లిపోతుంది. అందుకే ఆ ఇంజనులో వణుకు ఉండదు. బీఎండబ్ల్యూ దశాబ్దాలుగా ఈ పద్ధతిని వదల్లేదు. మెర్సిడెస్ 1990ల చివర్లో వీ6 వైపు, అంటే మూడేసి సిలిండర్లు V ఆకారంలో రెండు వరుసలుగా ఉండే ఇంజను వైపు మళ్ళి, 2017లో మళ్ళీ వరుస ఆరుకే వచ్చింది. ఇప్పుడు రెండూ ఒకే రకం ఇంజనుతో ఎదురెదురుగా నిలబడ్డాయి. పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి సమయం ఉండదనిపించింది.

శనివారం పొద్దున అమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "రెండే తలుపులా? మరి వెనక ఎవరు కూర్చుంటారు?" అంది. కూపే అంటే అంతేనమ్మా అన్నాను. "కూపే అంటే రైల్లో ఉండేదేగా, మీ అక్క పెళ్ళయ్యాక తిరుపతి వెళ్ళినప్పుడు ఫస్ట్ క్లాసులో ఎక్కాం" అని గుర్తు చేసుకుంది. ఆమె అన్నది నిజమే, మాట ఒకటే. ఫ్రెంచిలో 'కూపే' అంటే కోసినది. ఎదురెదురు సీట్లుండే గుర్రపు బండిలో ఒక వరుస తీసేసి ఇద్దరికే చేస్తే దాన్ని కూపే అన్నారు. ఇద్దరికే పడకలుండే రైలు గదికీ ఆ పేరే వచ్చింది, కారుకూ వచ్చింది.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. సీటు కిందికి ఉంటుంది కాబట్టి, అలవాటుగా తలుపు పైఅంచు పట్టుకుని కూర్చుందామని చెయ్యి చాపింది. అక్కడ అంచే లేదు. ఈ కార్ల తలుపులకు అద్దం చుట్టూ ఫ్రేము ఉండదు. పిడి లాగగానే అద్దం కొద్దిగా కిందికి దిగుతుంది, తలుపు మూశాక మళ్ళీ పైకెళ్ళి రబ్బరులోకి అతుక్కుంటుంది. నాకు కూపే అందంలో సగం అక్కడే ఉంది. అమ్మకు మాత్రం పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. నా భుజం పట్టుకుని కూర్చుంది.

మ్యూనిక్ దాటి ఏ8 హైవే ఎక్కాం. ఆగ్స్‌బర్గ్ తర్వాత మూడేసి వరుసల రోడ్డు, వేగ పరిమితి లేని చోట్లు వస్తాయి. అమ్మ పక్కన ఉండగా నూట అరవై దాటలేదు. ఉల్మ్ దగ్గరికి వచ్చేసరికి 161.5 మీటర్ల చర్చి గోపురం కనిపించింది. ఆ తర్వాత నేల మెల్లగా లేచి ష్వేబియన్ ఆల్బ్ కొండల మీదికి వెళ్తుంది. స్టుట్‌గార్ట్ వైపు ఆ కొండ దిగాలి. ఎక్కే దారి ఒక వాలు మీద, దిగే దారి మరో వాలు మీద, విడివిడిగా ఉంటాయి. సన్నటి రోడ్డు, పాతకాలపు మలుపులు, ముందు లారీలు. నూరు కూడా దాటకుండా దిగుతున్నప్పుడే ఈ కారు ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది. మలుపు మొదలయ్యే చోట చేతిని కాస్త కదిలిస్తే చాలు, ముక్కు వెంటనే అటు తిరిగింది. మళ్ళీ సరిచేయాల్సిన పని రాలేదు.

నాన్న తెనాలి డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా 27 ఏళ్ళు చేశారు. పవర్ స్టీరింగ్ లేని రోజుల బస్సులు. నాకు డ్రైవింగ్ నేర్పేటప్పుడు ఆయన పదేపదే చెప్పింది ఒకటే, స్టీరింగును బిగించి పట్టుకోవద్దని. వేళ్ళు వదులుగా ఉంటే కంకర తగిలినా, తడి తగిలినా చేతికి ముందే తెలుస్తుందనేవారు. ఆల్బ్ దిగుతుంటే నా వేళ్ళు వాటంతట అవే వదులయ్యాయి. అమ్మ నా చేతుల వైపు చూసి, "అచ్చం మీ నాన్నలా పట్టుకున్నావు" అంది. ఆయన పోయి నాలుగేళ్ళు. కొంతసేపు ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు.

అక్క పప్పుచారు, వంకాయ కూర చేసి ఉంచింది. భోజనాల దగ్గర బావ, "మా ఊరి కారు ఎక్కాక మాట్లాడు" అన్నాడు. మెర్సిడెస్ స్టుట్‌గార్ట్ సంస్థే మరి. మీ ఊరి కారు తయారయ్యేది బ్రెమెన్‌లో బావా అన్నాను. సీఎల్ఈ ఆ ఉత్తరాది కర్మాగారంలోనే తయారవుతుంది. నేను తెచ్చిన కారు మాత్రం మ్యూనిక్ నుంచి నూరు కిలోమీటర్ల దూరంలోని డింగోల్‌ఫింగ్‌లో తయారైంది. బావ ఒప్పుకోలేదు. "ఎక్కడ బిగించినా దాని బుద్ధి ఇక్కడిదే" అన్నాడు.

మధ్యాహ్నం సీఎల్ఈలో అమ్మను ముందు కూర్చోబెట్టాం. బావ వెనక సర్దుకున్నాడు. తలుపు మూయగానే అమ్మ భుజం వెనక నుంచి చిన్న చెయ్యిలాంటిది ముందుకు జరిగి సీటు బెల్టును ఆమెకు అందేలా పట్టుకుంది. రెండు తలుపుల కారులో బెల్టు చాలా వెనక ఉంటుంది, మెడ తిప్పి వెతుక్కోవాలి. అమ్మ బెల్టు అందుకుని, ఎవరో మనిషి అందించినట్టే "థాంక్స్ బాబూ" అంది. పెద్దవాళ్ళకు ఏది కష్టమో ఎవరో కూర్చుని ఆలోచించారు. ఆ ఆలోచన మీద నాకు గౌరవం కలిగింది.

సీఎల్ఈ 2023లో వచ్చింది. అంతకుముందు మెర్సిడెస్‌కు సీ-క్లాస్ కూపే, ఈ-క్లాస్ కూపే వేరువేరుగా ఉండేవి. రెండింటి స్థానంలోనూ ఇదొక్కటే తెచ్చారు. నడిపితే అది పెద్ద కారు తమ్ముడిలా అనిపించింది. ఊళ్ళో రాళ్ళు పరిచిన వీధిలో చక్రాలు గతుకుల మీద పడుతున్న చప్పుడు వినిపిస్తుంది, ఆ దెబ్బ మాత్రం మన దాకా రాదు. సిగ్నల్ దగ్గర ఇంజను ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు తిరిగి మొదలైందో చూస్తే తప్ప తెలియలేదు. 48 వోల్టుల స్టార్టర్ జనరేటర్ చేసే పని అది. తొమ్మిది గేర్లు ఒకదాని నుంచి ఒకటి ఎక్కుతున్నట్టే ఉండదు.

నగరం అంచున సోలిట్యూడ్ అనే పాత రేసు దారి ఉంది. అడవి మధ్య 11.4 కిలోమీటర్ల చుట్టు. 1965 దాకా అక్కడ పందేలు జరిగాయి. 1962లో డాన్ గర్నీ పోర్షే కారుతో గెలిచింది అక్కడే. ఇప్పుడవి మామూలు రోడ్లు, పరిమితుల్లోనే నడపాలి. సీఎల్ఈ ఆ మలుపులన్నీ తడబడకుండా, హుందాగా దాటింది. బీఎండబ్ల్యూ కంటే ఒక్క అర నిమిషం కూడా వెనకబడే కారు కాదది. బావ వెనక నుంచి, "చూశావా, మీ అమ్మ నిద్రపోయింది" అన్నాడు. తల సీటుకు ఆన్చి, నోరు కొద్దిగా తెరిచి, హాయిగా నిద్రపోతోంది అమ్మ.

ఆదివారం తెల్లవారుజామున ఎవరినీ లేపకుండా బీఎండబ్ల్యూ తీసుకుని ఆ చుట్టుకే మళ్ళీ వెళ్ళాను. రోడ్డు ఇంకా తడిగా ఉంది, చెట్ల కింద మంచు తెరలు. ఒక ఎడమ మలుపులో రోడ్డు మధ్యలో తారు మారుతుంది, పాతదాని పక్కన కొత్త పట్టీ. నిన్న సీఎల్ఈలో దాని మీదుగా వెళ్ళినా నాకు తెలియలేదు. ఇవాళ ముందు కుడి చక్రం ఆ అంచు దాటిన క్షణం వేళ్ళకు తెలిసింది. చిన్న గరుకు, అంతే. రెండోసారి చుట్టి వచ్చి కావాలనే అదే చోట వెళ్ళాను. మళ్ళీ తెలిసింది. కారు ఆపి, కిటికీ దించి కాసేపు కూర్చున్నాను. ఇంజను చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది.

దీని ముఖం నాకు ఇప్పటికీ పూర్తిగా నచ్చదని కూడా చెప్పాలి. ముందు వైపు గాలి వెళ్ళే రెండు నిలువు జాలీలు, కిడ్నీలంటారు వాటిని, మరీ పెద్దవి, వాటి మీద అడ్డంగా నంబరు పలక. మెర్సిడెస్ పక్కన పెడితే చూపుకు మెర్సిడెస్సే గెలుస్తుంది, వెనక నుంచి చూస్తే మరీను. కానీ లోపల కూర్చున్నవాడికి ముఖం కనబడదు.

తొమ్మిదింటికి బావ, నేను మెర్సిడెస్ మ్యూజియానికి వెళ్ళాం. లిఫ్టులో పై అంతస్తుకు వెళ్తే మొట్టమొదట కనిపించేది తెల్ల గుర్రం బొమ్మ. దాని తర్వాత 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండి. నేను చూడాలనుకున్నది మాత్రం 1955 నాటి 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హాట్ కూపే. రెండే తయారయ్యాయి. ఒకదాన్ని 2022లో 13.5 కోట్ల యూరోలకు అమ్మారు, రెండోది సంస్థ దగ్గరే ఉండిపోయింది. రేసు కారుకు పైకప్పు బిగించి ఊలెన్‌హాట్ అనే ఇంజనీరు దాన్ని రోడ్ల మీద నడిపేవాడు. వెనక సీటన్నది లేనే లేదు. బావ చాలాసేపు దాని దగ్గరే నిలబడి, "నువ్వు ఏది కొంటావో నాకు తెలిసిపోయిందిలే" అన్నాడు.

మధ్యాహ్నం బయలుదేరేటప్పుడు అక్క ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, పాపకు కొన్న గౌను ఇచ్చింది. సీసా ఒరిగిపోకుండా వెనక సీట్లో పెట్టి బెల్టు కట్టాను. అమ్మ గుమ్మంలో నిలబడి, "అంటే నన్ను మళ్ళీ ఆ కిందికి ఉండే కార్లోనే ఎక్కిస్తావా?" అని అడిగింది. నీకు ఇంట్లో పెద్ద కారు ఉందిగా అమ్మా, ఇది నాకు అన్నాను. "సరే, మీ నాన్న ఉంటే ఒకసారి నడిపి ఇచ్చేవారు" అంది.

సోమవారం పొద్దున తాళం ఇస్తూ డీలరుతో చెప్పాను, కొత్తది వద్దు, ఏడాది వాడినది కావాలని. ఇక్కడ కార్ల కంపెనీల ఉద్యోగులు రాయితీ మీద కొత్త కారు తీసుకుని ఏడాది తర్వాత అమ్ముకోవడం మామూలే. వాటికి ప్రత్యేకంగా ఒక పేరు, ఒక బజారు ఉన్నాయి. 70 వేల యూరోలు దాటే కారులో అలా మిగిలే డబ్బు తక్కువేమీ కాదు. ఎం440ఐ ఎక్స్‌డ్రైవ్, ముదురు నీలం, పైకప్పు అద్దం అక్కర్లేదు, చక్రాలు 19 అంగుళాలు మించొద్దు అని రాయించాను. ఫోను నంబరు ఇచ్చి, వెనక సీట్లోంచి ఆవకాయ సీసా తీసుకుని మెట్రో వైపు నడిచాను.