పప్పుడకని నీళ్లు, అరకు కాఫీ

"అన్నా, తప్పు గింజల్లో లేదు. మీ బోరులో ఉంది."

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా వీధి చివర కాఫీ గింజలు వేయించే కుర్రాడు ఈ మాట అనగానే నాకు ఒళ్లు మండింది. పావుకిలోకి 550 రూపాయలు పోశాను. అతని దగ్గర తాగితే కమలాపండు తొక్క వాసన, చివర్లో బెల్లం తీపి. అదే పొడి ఇంట్లో కలిపితే చప్పగా, సున్నం గోడ నాకినట్టు. "ఈ డబ్బుకి చికోరీ పొడి కిలో వచ్చేది కదరా" అని అమ్మ రోజూ దెప్పుతుంటే, ప్యాకెట్ పట్టుకుని గొడవకి వెళ్లాను.

షాపు అంటే పాత ఇంటి కారు షెడ్డే. నాలుగు బెంచీలు, మూలన చిన్న రోస్టర్. శుక్రవారం వేయిస్తాడు. మొదట పచ్చిగడ్డి వాసన, తర్వాత రొట్టె కాలుతున్న వాసన, 200 డిగ్రీల దగ్గర పడ్డాక జొన్న పేలాల్లా చిటపటలు. ఆ చప్పుడు మొదలైన రెండు నిమిషాలకే దించేస్తాడు. ఇంకాసేపు ఉంచితే మాడిపోయి ఏ ఊరి గింజైనా ఒకే రుచి అవుతుందట. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన పెరిగే అరకు అరబికా రకం కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు పంటకే ఆ పేరు చెల్లుతుందన్న ముద్ర, వచ్చింది. దాన్ని బొగ్గు చేయడానికి తనకి చేతులు రావంటాడు.

మర్నాడు మా నీళ్లు సీసాలో పట్టుకెళ్లాను. మీటరు ముంచితే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులూ ఖనిజాలూ, 720. ఇంట్లో ఆర్వో ఉంది గానీ ఆ నీళ్లు తాగడానికే అని అమ్మ రూలు. వంటకీ కాఫీకీ సంపు నీళ్లే. నల్లా నీళ్లు వచ్చినా అందులో బోరు నీళ్లతో కలిసిపోతాయి.

అప్పుడు గుర్తొచ్చింది అమెరికాలోని చాండ్లర్. 2023 జులైలో అక్కావాళ్లింటికి వెళ్లాను. ఫీనిక్స్ పక్క ఊరు, ఎడారి. ఆ ఏడు ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీలు దాటింది. పొద్దున ఆరింటికే బావ నన్నో కాఫీ షాపుకి తీసుకెళ్లేవాడు. గింజలు వాళ్లే వేయించుకుంటారు, పేటకొకటి చొప్పున చిన్న షాపులు. కుక్కల్ని తిప్పేవాళ్లు, నైట్ డ్యూటీ దిగినవాళ్లు ఎండెక్కకముందే తాగేసి పోతారు. తొమ్మిదింటికి చూస్తే కుర్చీలు ఖాళీ. ఒక్క చాయ్ ముందు రెండు గంటలు గడిపే మన ఇరానీ హోటల్ బుద్ధి నాకు అక్కడ బాగా అడ్డొచ్చింది.

అక్క కోసం తీసుకెళ్లిన అరకు పొడి వాళ్లింటి నల్లా నీళ్లలోనూ ఇలాగే చప్పబడింది. కొలరాడో నది నీళ్లు ఎడారి మీదుగా 540 కిలోమీటర్ల కాలువలో ఆ వైపుకి వస్తాయి. అక్క కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు. షాపులో కౌంటర్ కింద మూడు సిలిండర్లుండేవి. ఇవేంటని అడిగితే, నీళ్లలోంచి అన్నీ తీసేసి మళ్లీ కొంచెం ఖనిజాలు కలుపుతామని అక్కడమ్మాయి చెప్పింది. అన్నీ తీసేసి మళ్లీ కలపడమేంటి, పిచ్చి కాకపోతే అనుకున్నాను.

పిచ్చి కాదు. కాఫీలో ఆ కమలాపండు పులుపుని నీళ్లలోని బైకార్బనేట్ చంపేస్తుంది. అలాగని ఒట్టి ఆర్వో నీళ్లు పోస్తే, రుచిని లాగే కాల్షియం, మెగ్నీషియం లేక కాఫీ పల్చబడి పులుపు గుచ్చుకుంటుంది. టీడీఎస్ 150 దగ్గర ఉంటే మంచిదన్నాడు కుర్రాడు. మీటరు అంకె మొత్తం కథ చెప్పదు, ఉప్పెంతో సున్నమెంతో విడదీయదు. అయినా మా ఇంటికి నాలుగు గ్లాసుల ఆర్వోకి ఒక గ్లాసు బోరు లెక్క కుదిరింది. మూడో రోజుకి కమలాపండు వచ్చేసింది.

అమ్మకి చెబితే నవ్వింది. "ఈ నీళ్లకి పప్పుడకదు, కాఫీ రుచి రాదు అని ఇరవయ్యేళ్లుగా మొత్తుకుంటున్నా. గోదావరి నీళ్లు తాగి పెరిగినదాన్ని, నాకు మీటరెందుకు?" నిజమే, అంటూనే ఉంది. ఆవిడ ఫిల్టర్ కాఫీలో పాలూ చికోరీ ఆ లోపాన్ని కప్పేస్తాయి కాబట్టి నేనెప్పుడూ వినిపించుకోలేదు.

నిన్న సాయంత్రం చూస్తే, కొలిచి కలిపి పెట్టుకున్న సీసాలో నీళ్లు సగం లేవు. కుక్కర్ మూడో విజిల్ వేస్తోంది. లోపల కందిపప్పు.