‘కిచెన్’ నవల వంటలు: దాషి కుదిరింది, కట్సుడోన్‌లో గుడ్డు ఇంకా కుదరలేదు

బనానా యోషిమోటో నవల ‘కిచెన్’ జపాన్‌లో 1988లో వచ్చింది. నేను ఇంగ్లీషు అనువాదంలో చదివాను. అప్పటినుంచి అందులో ఉన్న తిండీ, దాని చుట్టుపక్కల తిండీ ఇంట్లో చేసుకుంటూ వస్తున్నాను. ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. కథ చివరిదాకా చెప్పేస్తున్నాను, చదవబోయేవాళ్లు చూసుకోండి.

కథ చెప్పే అమ్మాయి మికాగే, నాయనమ్మ పోయాక ఒంటరిదైపోతుంది. వంటింట్లో ఫ్రిజ్ పక్కన పడుకుంటే తప్ప నిద్ర పట్టదు. నాయనమ్మకి తెలిసిన కుర్రాడు యూయిచి, అతని తల్లి ఎరికో ఆమెను తమ ఇంటికి పిలిచి ఉంచుకుంటారు. తర్వాత ఎరికో హత్యకు గురవుతుంది. యూయిచి ఎక్కడో ఊరిబయట ఒక సత్రంలో దిగుతాడు. అక్కడ పెట్టేదంతా టోఫూయే (సోయా పాలతో చేసే పనీర్ లాంటి గడ్డ). పని మీద ఇజు వెళ్లిన మికాగే రాత్రిపూట ఆకలేసి ఒక హోటల్లో కట్సుడోన్ (అన్నం మీద వేయించిన మాంసం ముక్క, గుడ్డు, పులుసు) చెప్పి, అది వచ్చేలోపు అతనికి ఫోన్ చేస్తుంది. తిన్నాక, ఇంత రుచిగా ఉంది కదా అని ఇంకోటి పార్శిల్ కట్టించి, టాక్సీలో అతని దగ్గరికి పోతుంది. సత్రం తలుపులు మూసేసి ఉంటే పైకప్పు ఎక్కి మరీ అతని గదిలోకి వెళ్తుంది.

టోఫూ, కట్సుడోన్ ఈ రెండిటి మధ్యే కథంతా ఉందని నాకనిపిస్తుంది. జపాన్‌లో బౌద్ధ సంప్రదాయం పాటించేవాళ్లు మైల రోజుల్లో తినేది షోజిన్ వంట. మాంసం, చేప ఉండవు. కొంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు), పుట్టగొడుగులు, టోఫూ, కూరగాయలే. నలభై తొమ్మిదో రోజు కార్యం అయ్యాక మళ్లీ మామూలు తిండికి రావడం పాత పద్ధతి. యూయిచి ఆ చప్పిడి తిండి దగ్గరే ఆగిపోయాడు. మికాగే తెచ్చింది నూనెలో వేగిన మాంసం, గుడ్డు, తీపీ ఉప్పూ కలిసిన పులుసు. మాటలతో ఓదార్చడం కాదు, ఇవతలికి లాగడం అది. మా ఇంట్లోనూ మైల రోజుల్లో పోపు వేయరు. తాతయ్య పోయినప్పుడు కార్యక్రమాలన్నీ అయ్యాక నానమ్మ అమ్మతో “ఇవాళ కాస్త వంకాయ వేయించవే” అంది. నూనెలో ఆవాలు చిటపటమనగానే ఇల్లంతా కదిలినట్టయింది. ఆ కట్సుడోన్ నాకు అందుకే వెంటనే అర్థమైంది.

ఇక వంట. ముందు దాషి, అంటే కట్సుడోన్ పులుసుకి ఆధారమైన చారునీళ్లు. లీటరు నీళ్లలో 10 గ్రాముల కొంబు అరగంట నానబెట్టి సన్న మంట మీద పెడతాను. అడుగున చిన్న బుడగలు మొదలవగానే కొంబు తీసేయాలి, మరిగితే జిగురు, వగరు దిగుతాయి. తర్వాత 20 గ్రాముల కట్సువోబుషి, అంటే ఎండబెట్టి తురిమిన బోనిటో చేప, వేసి పొయ్యి కట్టేసి, అది అడుగుకి దిగాక వడకడతాను. పిండకూడదు. ఈ రుచి గుట్టు 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా కనిపెట్టాడు: కొంబులో ఉన్న గ్లూటమేట్. చేపలో ఇంకో పదార్థం, ఇనోసినేట్, ఉంది. రెండూ కలిస్తే రుచి విడివిడిగా ఉన్నదానికంటే చాలా పెరుగుతుంది. అందుకే ఒకటి మానేస్తే పలచగా తోస్తుంది. షోజిన్ పద్ధతికి చేప బదులు ఎండు షీటాకే పుట్టగొడుగులు, రాత్రంతా ఫ్రిజ్‌లో చన్నీళ్లలో నానబెట్టి.

బియ్యం సోనామసూరి పనికిరాదు, మెతుకు మెతుకుకి అంటుకోదు. సుషి రైస్ అని ప్యాకెట్ దొరుకుతుంది. కడిగి అరగంట నానబెట్టి, గ్లాసుకి గ్లాసు మీద కొంచెం ఎక్కువ నీళ్లు. ఉడికాక పది నిమిషాలు మూత తీయకూడదు.

అసలు వంటకంలో పంది మాంసం. మా ఇంట్లో వండం కాబట్టి ఎముక లేని చికెన్ తొడ ముక్క వాడుతున్నాను. అప్పడాల కర్రతో తట్టి అంతా ఒకే మందం చేసి, ఉప్పు, మిరియాలు, మైదా, గుడ్డు, చివరికి బ్రెడ్ పొడి. అంచులు తీసిన బ్రెడ్‌ని ముతగ్గా తురిమి గాలికి ఆరబెడితే పాంకోకి, అంటే జపాన్ ముతక బ్రెడ్ పొడికి, దగ్గరగా వస్తుంది. నూనెలో బ్రెడ్ పొడి చిటికెడు వేస్తే సగం దాకా మునిగి పైకి రావాలి, అది సుమారు 170 డిగ్రీలు.

ఒక్కరికి పులుసు: 100 మి.లీ. దాషి, సోయా సాస్ ఒకటిన్నర పెద్ద చెంచాలు, మిరిన్ (వంటలో వాడే తియ్యటి బియ్యపు సారా) అంతే, చక్కెర ఒక చిన్న చెంచా. అందులో సగం ఉల్లిపాయ చీలికలు మెత్తబడ్డాక, కోసిన కట్సు (వేయించిన మాంసం ముక్క) పెట్టి, రెండు గుడ్లు పోయాలి. గుడ్లు బాగా గిలక్కొట్టకూడదు. తెల్లసొన, పచ్చసొన చారలు చారలుగా కనిపిస్తుండాలి. మూడింట రెండు వంతులు ముందు పోసి, అది గట్టిపడుతుండగా మిగతాది పోసి మూత పెడతాను. జపాన్‌లో సగం ఉడికిన గుడ్డుతోనే దించేస్తారు. మన దగ్గర అలా తినడానికి నాకు ధైర్యం చాలదు. పూర్తిగా ఉడకాలి, అయినా మెత్తగా ఉండాలి. ఇదింకా కుదరలేదు.

మికాగే పార్శిల్ నన్ను వదల్లేదు. టాక్సీలో అంత దూరం పోయాక అది ఎలా ఉండి ఉంటుందో చూద్దామని స్టీలు డబ్బాలో అన్నం, పైన కట్సు సర్ది, తువ్వాలు చుట్టి గంటసేపు ఉంచి తిన్నాను. కరకర పూర్తిగా పోయింది, కానీ పులుసు అన్నంలోకి దిగి రుచి ఇంకా చిక్కబడింది. నాకు వేడివేడిగా తిన్నదానికంటే ఇదే నచ్చింది. డబ్బా వేడికి గుడ్డు ఇంకా గట్టిపడుతుంది కాబట్టి, పార్శిల్ కట్టాలంటే గుడ్డు ఉడికిన వెంటనే దించేయాలి, పులుసు నాలుగో వంతు తగ్గించాలి.

తర్వాత చేయాల్సింది యూయిచి సత్రం వైపు వంట: గోమా దోఫు. పేరుకి టోఫూయే కానీ సోయా ఉండదు, నువ్వుల ముద్దని కుజు పిండితో (ఒక తీగ దుంప నుంచి తీసే గంజిపిండి) ఉడికించి గడ్డకట్టిస్తారు. కుజు దొరకలేదు కాబట్టి పాలగుండతో మొదలుపెడతాను. పిండి ఎంత, నువ్వుల ముద్ద అంత, షీటాకే దాషి ఎనిమిదింతలు. గరిటె ఆపకుండా తిప్పాలి, లేకపోతే అడుగంటుతుంది. ఎవరైనా పాలగుండతో చేసి ఉంటే పట్టు ఎలా వచ్చిందో చెప్పండి.