అడిగినవాడు ఆత్మీయుడే

నరహరి కీర్తన నానిన జిహ్వ
ఒరుల నుతింపగ నోపదు జిహ్వ

తాళ్ళపాక అన్నమాచార్యుల ఈ పల్లవి మా కడప వైపు భజనల్లో తరచుగా వినిపిస్తుంది. హరి కీర్తనలో నానిన నాలుక ఇతరులను పొగడలేదని దాని అర్థం. దాని వెనుక కథ కూడా చాలామందికి తెలుసు. పెనుగొండ కొలువులో సాళువ నరసింగరాయలు ‘ఏమొకో చిగురుటధరమున’ కీర్తన విని పరవశించి, అలాంటిదే తన మీదా ఒకటి చెప్పమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకుని ‘హరి హరీ’ అన్నాడు. రాయలు సంకెల వేయించాడు. హరిని తలచి పాడగానే ఆ సంకెల ఊడిపడిందని అన్నమయ్య మనుమడు చిన్నన్న తన ద్విపద చరిత్రలో చెప్పాడు.

సంకెల ఊడిన చోట మనం చేతులు జోడిస్తాం. నా మనసు మాత్రం అంతకు ముందు ఘడియ దగ్గరే ఆగిపోతుంది. అడిగినవాడు శత్రువు కాదు. టంగుటూరులో ఉన్న నాటి నుంచి అన్నమయ్యను ఆదరించి పక్కన కూర్చోబెట్టుకున్నవాడు. అడిగింది కూడా కోపంతో కాదు, పాట విన్న ఆనందంలో. కత్తి పట్టుకుని వచ్చినవాడికి ఎదురు నిలవడం ఒక ఎత్తు, ప్రేమగా అడిగినవాడికి కాదనడం ఇంకొక ఎత్తు. మన జీవితాల్లో ఒత్తిడి చాలాసార్లు ఇలాగే వస్తుంది. ‘మనవాడే కదా, ఒక్క సంతకం పెట్టు’ అనేది బంధువు. ‘మన ఊరి పరువు, ఈసారికి పోటీ వద్దు’ అనేది చిన్నప్పటి నుంచి మనం గౌరవించిన పెద్దమనిషి.

దేవుని కడప గుడి దగ్గర పూలమ్మే ఒక అవ్వ ఉంది. ఎన్నికలకు రెండు రోజుల ముందు ఆమె వీధి కుర్రాడే కవరు తెచ్చాడు. ఆమె ఎత్తుకుని పెంచిన పిల్లవాడు. ‘అందరూ తీసుకున్నారవ్వా’ అన్నాడు. ‘నాకొద్దు నాయనా. తీసుకుంటే రాత్రంతా మీ మాటే గుర్తుంటుంది’ అంది. వాడు నవ్వి, కవరును కనకాంబరాల మీద కప్పిన తడిగుడ్డ కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె చేతులు తుడుచుకుని, కవరు తడవకుండా కొంగులో చుట్టి, సాయంత్రం వాళ్ళ అమ్మ చేతికే ఇచ్చి వచ్చింది. ఆ తరువాత కొన్నాళ్ళు ఆ ఇంటివాళ్ళు ఆమెతో ముభావంగా ఉన్నారు. ఆమెను బాధపెట్టింది అదొక్కటే.

ఓటు కోసం డబ్బు ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడం కూడా 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్యే. ఆ అవ్వకు ఆ చట్టం సంగతి తెలియదు. ఆమెకు తెలిసిందల్లా ఆ కీర్తనలోని చరణాలే. మురహరునికి మొక్కిన శిరము పరుల వందనకు తగదంటాడు అన్నమయ్య. శ్రీపతిని పూజించిన చేతులు యాచనకు దిగవంటాడు. హరి దగ్గరికి వెళ్ళిన కాళ్ళు పాపుల ఇళ్ళకు పోవంటాడు. నాలుక, తల, చేతులు, కాళ్ళు, చివరికి మనసు. రోజూ ఒక పనికి అలవాటు పడ్డ చెయ్యి ఇంకొక పనికి తనంతట తానే వెనక్కి తగ్గుతుంది. పరీక్ష వచ్చిన రోజున ధైర్యం కోసం వెతుక్కోవలసిన అవసరం అప్పుడు ఉండదు. నిత్యపూజకు ఇంతకన్నా పెద్ద ప్రయోజనం నాకు కనిపించలేదు.

అయితే కవరు తీసుకున్నవారిని తేలిగ్గా తీసిపారేసే మాటలు వింటే నాకు బాధ కలుగుతుంది. వానలు లేక, బోర్లు ఎండి, అప్పు మీద అప్పు చేసిన ఇంట్లో ఆ నోటుకు ఉండే బరువు వేరు. అన్నమయ్యకు ఈ సంగతి తెలుసు. ‘ఆకటివేళల’ అనే కీర్తనలో ‘సంకెల బెట్టినవేళ చంపబిలిచినవేళ, అంకిలిగా నప్పులవారాగినవేళ’ అని పాడాడు. సంకెల పక్కనే అప్పులవాడిని నిలబెట్టాడు! రాజు వేసిన బంధమూ, వాకిట్లో అప్పులవాడు నిలబడినప్పటి నిస్సహాయతా ఆయన దృష్టిలో ఒకే వరుసలోనివి. కాబట్టి వద్దనగలిగే స్తోమత ఉన్నవాళ్ళు, నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే మనలాంటివాళ్ళు ముందు వద్దనాలి. పక్కింటి అప్పులో ఒక వాయిదాకు సాయపడగలిగితే అదీ హరిసేవే.

ఫాల్గుణ బహుళ ద్వాదశి అన్నమయ్య వర్ధంతి. ఆ రోజు తాళ్ళపాక వెళ్ళేవారు ‘నరహరి కీర్తన’ పాడాక ‘ఆకటివేళల’ కూడా తప్పక పాడండి. మూడో చరణం వదిలేయకండి.