చోప్తా నుంచి చంద్రశిల దాకా: ఒక పగటి నడకకు వేసుకున్న లెక్క

ఉత్తరాఖండ్‌లోని చోప్తా నుంచి తుంగనాథ్ ఆలయం మీదుగా చంద్రశిల శిఖరం దాకా ఎక్కి, అదే రోజు దిగి రావాలని అనుకున్నాక మేము మొట్టమొదట తేల్చుకోవలసి వచ్చింది ఏ నెలలో వెళ్లాలన్న సంగతి. ఏప్రిల్‌లో అడవి బురాంశ్ (చెట్టుగా పెరిగే రోడోడెండ్రాన్) పూలతో ఎర్రబడి ఉంటుంది గాని, అప్పటికి పైదారిలో మంచు పూర్తిగా కరగదు, ఆలయం తలుపులు కూడా సాధారణంగా ఆ నెలాఖరుకో మే నెలకో గాని తెరుచుకోవు. జులై, ఆగస్టుల్లో పచ్చికబయళ్లు చిన్నచిన్న పూలతో నిండుతాయి, కాని కొండచరియలు విరిగిపడి రోడ్లు మూతపడేదీ, శిఖరాలను మబ్బు కమ్మేసేదీ ఆ నెలల్లోనే. పూలూ, పచ్చికా, దైవదర్శనమూ, హిమశిఖరాలూ అన్నీ ఒకే ప్రయాణంలో దక్కవని ఒప్పుకొని, మేము దర్శనాన్నీ శిఖరాలనూ ఎంచుకున్నాము. అలా దసరా వెళ్లిన తరువాతి రోజులు ఖాయమయ్యాయి. తుంగనాథ్ ఆలయం శీతకాలానికి ఏ రోజున మూసేదీ విజయదశమినాడు ప్రకటిస్తారు కాబట్టి, తిరుగు టికెట్లు ఆ ప్రకటన వెలువడ్డాకనే తీసుకున్నాము.

దూరం పెద్దదేమీ కాదు. చోప్తా నుంచి తుంగనాథ్ నాలుగు కిలోమీటర్ల లోపు, అక్కడి నుంచి చంద్రశిల మరో ఒకటిన్నర కిలోమీటర్లు. ఆలయం వరకు రాళ్లు పరిచిన చక్కటి బాట ఉంది. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి తిరుమల చేరడం అలవాటైన మా బావగారు ఈ అంకెలు చూసి, "ఇంతేనా!" అన్నారు. అయితే అసలు తేడా గాలిలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్లకు లోపే ఉండగా, నడక మొదలయ్యే చోప్తాయే సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి నుంచి ఇంకా దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కాలి. శిఖరం ఎత్తులో వాయుపీడనం సముద్రమట్టం దగ్గర ఉండే దానిలో మూడింట రెండు వంతులకు మించదు. అందుకని రిషికేశ్ నుంచి దేవప్రయాగ, రుద్రప్రయాగల మీదుగా వెళ్లిన రోజున నేరుగా చోప్తా చేరకుండా ఉఖీమఠ్‌లో ఆగాము. మరునాటి రాత్రి చోప్తాలో పడుకొని, ఆ పై రోజు తెల్లవారుజామున నడక పెట్టుకున్నాము. ఈ అదనపు రాత్రిని చాలామంది దండుగ ఖర్చు అనుకుంటారు గాని, తలనొప్పితో కొండ ఎక్కడం కన్నా అది చవకే.

వేళ విషయంలో మాత్రం ఎవరి మాటకూ లొంగకూడదు. పొద్దెక్కిన కొద్దీ లోయల్లోంచి మబ్బు పైకి లేస్తుంది, మధ్యాహ్నానికి ఎదుట ఉన్న కొండ కూడా కనబడని రోజులు ఉంటాయి. "పది దాటితే చౌఖంబా మీకోసం ఆగదు" అని, ఉత్తరాన ఉన్న హిమశిఖరం గురించి టీ దుకాణం ఆయన హిందీలో హెచ్చరించాడు. కాబట్టి తొమ్మిదికల్లా శిఖరం మీద ఉండాలని పెట్టుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకొని, అయిదింటికి టార్చిలైట్లతో బయలుదేరాము.

ఈ ప్రాంతం 1972లో ఏర్పడిన కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యంలో భాగం. కస్తూరి మృగాలకు ఇది పేరుపడ్డ చోటు, అయితే అవి కంటపడతాయని ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. తెల్లవారేసరికి మా చుట్టూ ఓక్, బురాంశ్ చెట్లు నాచు పట్టిన కొమ్మలతో కనిపించసాగాయి. రాలిన బురాంశ్ ఆకును ఒకదాన్ని తిరగేసి చూస్తే అడుగున వెండి పూసినట్టు తెల్లగా ఉంది. ఇంకాస్త పైకి పోయాక, సుమారు 3,300 మీటర్ల దగ్గర పెద్ద చెట్లు ఆగిపోయి, నేలకు వంగిన మరో జాతి రోడోడెండ్రాన్ పొదలు మొదలవుతాయి. వాటి ఆకుల అడుగున తుప్పు రంగులో దట్టమైన నూగు ఉంటుంది. అడవి ఎక్కడ ముగిసిందో ఆకు తిరగేసి చెప్పవచ్చునని మా అక్క అంటే, ఆ తరువాత బావగారు దారి పొడుగునా ఆకులు తిరగేస్తూనే ఉన్నారు.

ఆ పొదలు దాటితే బుగ్యాల్. ఉత్తరాఖండ్‌లోని ఈ గఢ్వాల్ ప్రాంతంలో ఎత్తైన పచ్చికబయలును ఆ పేరుతోనే పిలుస్తారు. అక్టోబరు నాటికి గడ్డి పండి గోధుమ రంగుకు తిరిగింది, మేతకు వచ్చిన మందలు దిగువకు వెళ్లిపోయాయి. బాట పక్క బండల సందుల్లోంచి తోక లేని, గుండ్రని చెవుల పైకా ఒకటి బయటికి వచ్చి, గడ్డిపరకను అడ్డంగా కరచుకొని చటుక్కున లోపలికి దూరింది. చూడడానికి ఎలుకలా ఉన్నా అది కుందేళ్లకు చుట్టం.

ఈ బయళ్లలో రాత్రి బసను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో నిషేధించింది. గుడారం వేసుకొని సూర్యోదయం చూడాలనుకునే వారికి అది నిరాశ కలిగించవచ్చు గాని, నాకు సబబుగానే తోచింది. మలుపు తప్పించుకోవడానికి నడిచేవారు అడ్డంగా తొక్కిన చోటల్లా గడ్డి పోయి, వాననీరు కోసిన చాళ్లు పడి ఉన్నాయి. ఏడాదిలో కొద్ది నెలలే పెరిగే ఆ గడ్డి మళ్లీ అల్లుకోవడానికి ఏళ్లు పడుతుంది.

పంచకేదారాలనే అయిదు శివాలయాల్లో మూడవదైన తుంగనాథ్‌లో శివుని బాహువులను పూజిస్తారు. ఆలయం చిన్నది, రద్దీ లేని ఆ వేళ దర్శనం నింపాదిగా జరిగింది. అక్క అక్కడే ఆగిపోతానన్నది. ఫోను సంకేతాలను నమ్ముకొనే చోటు కాదు గనుక, పదిన్నరకు ఆలయం కింది దుకాణం దగ్గర కలవాలని ముందే చెప్పుకొని విడిపోయాము. అక్కడి నుంచి పై దారిలో పరిచిన రాళ్లు లేవు, మట్టీ గులకరాళ్లూ కలిసిన ఏటవాలు బాట, నీడపట్టున తెల్లవారి పేరుకున్న మంచు పొర కూడా ఉంది. శిఖరం మీద చిన్న గంగాలయం దాటి నిలబడితే, ఉత్తరాన 7,138 మీటర్ల చౌఖంబా నిండుగా ఎదురైంది, తూర్పున త్రిశూల్, దానికి వెనుకగా 7,816 మీటర్ల నందాదేవి కనిపించాయి. అరగంట గడిచిందో లేదో, దిగువ లోయలో దూదిముక్కల్లాంటి మబ్బు తలెత్తింది. బావగారు ఇంకొంచెం సేపు ఉందామన్నా నేను ఒప్పుకోలేదు.

దిగడంలో ఊపిరి సమస్య ఉండదు, మోకాళ్లదే బాధ. ఊతకర్రలు తెచ్చుకోని వారికి చోప్తాలో అద్దెకు దొరుకుతాయి. పొద్దెక్కాక యాత్రికులను మోసుకొచ్చే కంచరగాడిదలు బాట నిండా ఎదురవుతాయి. వాటికి దారి ఇచ్చేటప్పుడు లోయ అంచున కాకుండా కొండ వైపు ఒదిగి నిలబడాలి. అక్కతో ఆ మాట నాలుగుసార్లు చెప్పించుకొని గాని బావగారు అటు జరగలేదు.