‘ఈవెనింగ్ స్టార్’ కావలికి చేరింది: నా అనుభవం

మొన్న గురువారం సాయంత్రం పోస్ట్‌మాన్ ఒక అట్టపెట్టె చేతికిచ్చి సంతకం చేయించుకుని వెళ్ళాడు. రెండున్నరేళ్ళు ఎదురుచూసిన పెట్టె అది. లోపల ఉన్నది ‘ఈవెనింగ్ స్టార్’ అనే బ్రిటిష్ ఆవిరి ఇంజనుకు చిన్న నమూనా, పట్టాల మీద కరెంటుతో నడిచేది. చివరి నలభై మూడు రోజులైతే నాకు కంటి నిండా నిద్ర లేదు. జరిగింది జరిగినట్టు ఇప్పుడే రాయకపోతే, కోపం చల్లారాక సగం మరిచిపోతాను.

మాది బిట్రగుంట. ఇప్పుడు కావలిలో ఉంటూ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. నాయన బిట్రగుంట లోకోషెడ్డులో క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్ అయి, డ్రైవరుగా రిటైరయ్యారు. ఆయనకిప్పుడు ఎనభై ఒకటి. షెడ్డు కళకళలాడిన రోజుల్లో మా క్వార్టర్లకు గడియారం అక్కర్లేదు, ఇంజను కూతే గడియారం. డ్యూటీ దిగి వచ్చే నాయన ముఖంలో కళ్ళు తప్ప అంతా మసి. ఆయన ఎక్కువ కాలం పనిచేసింది డబ్ల్యూజీ ఇంజన్ల మీద. గూడ్సు బండ్ల కోసం 1950 నుంచి 1970 దాకా తయారైన ఆ ఇంజన్లు మొత్తం 2,450. వాటిలో ఆఖరిది చిత్తరంజన్‌లో తయారైంది. మన బ్రాడ్‌గేజికి అదే చివరి ఆవిరి ఇంజను కావడంతో ‘అంతిమ్ సితారా’ అని పేరు పెట్టారు. దానికి పదేళ్ళ ముందు, 1960లో, ఇంగ్లండులోని స్విండన్ కర్మాగారంలో బ్రిటిష్ రైల్వే తన చివరి ఆవిరి ఇంజను కట్టుకుని ‘ఈవెనింగ్ స్టార్’ అంది. దాని నంబరు 92220. రెండు దేశాలూ తమ ఆఖరి ఇంజనుకు నక్షత్రం పేరే పెట్టడం నన్ను చిన్నప్పటి నుంచీ వదలని సంగతి. డబ్ల్యూజీ నమూనా కోసం ఎన్నో ఏళ్ళు వెతికినా నాకు దొరకలేదు. ఈవెనింగ్ స్టార్ అయినా నాయన కళ్ళముందు నడవాలని పట్టుపట్టాను.

జనవరి వస్తే అందరికీ సంక్రాంతి, నాకు దానితోపాటు కొత్త నమూనా ఇంజన్ల ప్రకటనలు. నమూనా రైళ్ళు చేసే బ్రిటిష్ సంస్థ హార్న్‌బీ ఆ ఏడాది తేబోయే సరుకును సాధారణంగా జనవరిలోనే చెబుతుంది. నెలాఖరుకో ఫిబ్రవరి మొదటికో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో బొమ్మల, నమూనాల పెద్ద ప్రదర్శన ఉంటుంది. అది 1950లో మొదలైంది. 1859లో పుట్టిన జర్మన్ సంస్థ మార్క్‌లిన్ వంటివారి కొత్త ఇంజన్ల వివరాలు ఆ రోజుల్లోనే బయటికి వస్తాయి. ఇవే నమూనాలు చేసే మరో సంస్థ బాక్‌మన్ ఐరోపా విభాగం మాత్రం పద్ధతి మార్చుకుంది. ఏడాదికోసారి పొడవాటి జాబితా ఇవ్వడం మాని, మూడు నెలలకోసారి, త్వరలో అంగడికి రాబోయేవాటినే ప్రకటిస్తున్నది. కొనేవాడి మీద గౌరవం ఉన్న పద్ధతి అది. మిగిలినవాళ్ళు కూడా నేర్చుకోవాలి.

ప్రకటన వెలువడగానే సంబరపడకూడదని నేను అనుభవం మీద నేర్చుకున్నాను. మొదట చూపించేది చాలాసార్లు కంప్యూటర్‌లో గీసిన చిత్రమే. ఆ తరువాత ఉక్కు అచ్చులు తీయాలి. అచ్చులోంచి రంగు వేయని మొదటి నమూనా వస్తుంది, దాన్ని అసలు ఇంజను ఫొటోలతో పోల్చి తప్పులు దిద్దుతారు. పిమ్మట రంగులు, నంబర్లు వేసిన నమూనా. అది కూడా కుదిరాక చైనాలోని ఫ్యాక్టరీలో వంతు దొరకాలి. చైనా కొత్త సంవత్సరానికి అక్కడి ఫ్యాక్టరీలు రోజుల తరబడి మూతపడతాయి. అటుపైన ఓడ. 2023 చివర ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా కొసను చుట్టి పోవలసి వచ్చింది. నా ఇంజను ఆలస్యంలో దాని వాటా కూడా ఉంది. నా దగ్గర పదకొండేళ్ళుగా రాస్తున్న నోటుపుస్తకం ఒకటి ఉంది. ఒక్కో ఇంజనుకు ఒక్కో పేజీ: ఏ రోజు ప్రకటించారు, అచ్చు ఎప్పుడు తీశారు, తేదీ ఎన్నిసార్లు జరిపారు. అందులోని ఏ ఇంజను ఎన్ని నెలలు ఆలస్యమైందో పుస్తకం తెరవకుండా చెప్పగలను. ఆ పుస్తకం చెప్పేదేమంటే, రంగులు వేసిన నమూనా ఫొటో కనిపించేదాకా సంస్థ ఇచ్చిన తేదీని లెక్కలోకి తీసుకోవద్దు.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు స్కేలు, అంటే నమూనా అసలుకన్నా ఎన్ని రెట్లు చిన్నదో, తేల్చుకోవాలి. 2022 అక్టోబరులో హార్న్‌బీ 1:120 స్కేలులో, 12 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పట్టాలతో కొత్త శ్రేణి ప్రకటించినప్పుడు నా మిత్రుడొకరు ఉన్నవన్నీ అమ్ముకుని అటు మారారు. నేను మారలేదు. బ్రిటిష్ ఇంజన్లకు వాడే ఓఓ అనే స్కేలు 1:76, మిగతా ప్రపంచంలో ఎక్కువగా నడిచే హెచ్ఓ అనే స్కేలు 1:87. రెండింటికీ పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లే. 1,676 మిల్లీమీటర్ల మన బ్రాడ్‌గేజిని హెచ్ఓలోకి కుదిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. అందుకే మన ఇంజన్ల నమూనాలు ఆ పట్టాల మీద కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడినట్టుంటాయి.

ఆర్డరు పెట్టడం అయిదు నిమిషాల పని. కార్డులో విదేశీ చెల్లింపులు తెరిపించుకుంటే చాలు. బ్రిటన్ అంగడి అయితే ధరలో కలిసి ఉన్న 20 శాతం వ్యాట్ (అక్కడి అమ్మకపు పన్ను) మనకు తీసేయవచ్చు, తీస్తే రాసి ఉన్న ధరలో ఆరింట అయిదు వంతులే మనం కట్టాలి. తీయననే అంగడిలో కొనవద్దు. ఇక్కడికి తెప్పించి ఇస్తామనే మధ్యవర్తుల జోలికి అసలే పోవద్దు. ఒకాయన ఇదే ఇంజనుకు నన్ను మూడు రెట్లు అడిగాడు.

అసలు కథ ఇంజను మన దేశంలో దిగాక మొదలైంది. విదేశీ పార్శిళ్ళను తనిఖీ చేసే కార్యాలయం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వచ్చిన సరుకు ‘బొమ్మ రైలు’ అట. దానికి ఐఎస్ఐ ధ్రువపత్రం చూపాలట. గడువులోగా చూపకపోతే తిప్పి పంపుతారట.

ఆ నియమం నాకు తెలుసు. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మలను దేశంలో అమ్మకూడదు, దిగుమతి చేసుకోకూడదు. పసిపిల్లల నోట్లోకి విషపు రంగులు పోకూడదని పెట్టిన నియమం, నేను దాన్ని మనసారా సమర్థిస్తాను. కానీ ఆ ఉత్తర్వు బొమ్మ అంటే ఏమిటో కూడా చెప్పింది: పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించిన వస్తువు. నా ఇంజను పెట్టె మీద ‘14+’ అని స్పష్టంగా అచ్చువేసి ఉంది. ఇదే రాసి మూడు జవాబులు పంపాను. మూడింటికీ అదే ఉత్తరం, తేదీ మాత్రం మారి, తిరిగి వచ్చింది. చివరికి సెలవు పెట్టి రాత్రి రైలెక్కాను.

కౌంటరులో ఉన్న గుమాస్తా నా కాగితాలు చూసి, “మనవడికా?” అన్నాడు. “నాకే” అన్నాను. అతను పక్క బల్ల వైపు తిరిగి, అందరికీ వినపడేలా, “ఈ పెద్దాయన ఆడుకోవడానికి రైలు బొమ్మ తెప్పించుకున్నాడు” అన్నాడు. పక్క బల్లవాళ్ళు నవ్వారు. నా వెనక వరుసలో ఉన్న కుర్రవాళ్ళు కూడా నవ్వారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఇంతవరకు ఏ విద్యార్థినీ అందరి ముందు అలా నవ్వులపాలు చేయలేదు. నా చెవులు వేడెక్కడం నాకే తెలిసింది. నా ఒక్కడి అవమానమైతే దిగమింగుకునేవాణ్ణేమో. మండే బాయిలరు ముందు నిలబడి బొగ్గు వేసి మమ్మల్ని చదివించిన మనిషి జీవితాన్ని ఆ నవ్వులో కలిపేసినట్టు అనిపించింది.

తరువాత పెట్టె విప్పాడు. ఇంజనును చక్రాలను కలిపే పక్క రాడ్ల దగ్గర పట్టుకుని పైకెత్తాడు. ఇట్టే వంగిపోయే సన్నటి రాడ్లు అక్కడే ఉంటాయి. ఇంజనును ఎప్పుడూ రెండు చివరలా పట్టుకోవాలి. “అయ్యా, అక్కడ పట్టుకోవద్దు” అని చేయి చాపాను. “చేయి తీయండి” అన్నాడు. నా కళ్ళముందే బాయిలరు పక్కనున్న సన్నటి హ్యాండ్‌రైలు వంగింది.

అప్పుడు మొదలైంది వాదన. ఇది బొమ్మ కాదన్నాను. “మరి బొమ్మల పద్దులోనే సుంకం వేశాం. కడతారా, కట్టరా?” అన్నాడు. కడతానన్నాను. “బొమ్మల సుంకం కడుతున్నారంటే ఇది బొమ్మ అని ఒప్పుకున్నట్టే. బొమ్మ అయితే ధ్రువపత్రం ఇవ్వండి.” కట్టనంటే సుంకం ఎగవేస్తున్నట్టు, కడతానంటే బొమ్మ అని ఒప్పుకున్నట్టు. ఎటు తిరిగినా గోడే. భోజనం తరువాత రమ్మని పంపేశాడు.

బయట బల్ల మీద మూడు గంటలు కూర్చున్నాను. ఏమీ తినబుద్ధి కాలేదు. ఆ మూడు గంటల్లో నేను చేసిన పని చెబుతాను, ఇది చదివేవారిలో ఒక్కరికైనా అక్కరకు వస్తుంది. ఫోనులో సుంకాల పట్టిక తెరిచి 9503 అనే పద్దును మొదటి నుంచి చివరి దాకా చదివాను. అందులో వరుసగా ఏమున్నాయంటే: మూడు చక్రాల సైకిళ్ళు, బొమ్మలు, ఇతర ఆటవస్తువులు, వాటి తరువాత విడిగా ‘తగ్గించిన కొలతల్లో చేసిన నమూనాలు, నడిచేవైనా నడవనివైనా’, ఆ తరువాత అన్ని రకాల పజిళ్ళు. అంటే ఆ పద్దులో ఉన్నంత మాత్రాన ఏ వస్తువూ పిల్లల బొమ్మ అయిపోదు. నమూనాలకు అక్కడ వేరే చోటు ఇచ్చారు. సుంకం ఒక చట్టం, నాణ్యత నియమం ఇంకొకటి, రెండింటి కొలబద్దలూ వేరు. ఈ రెండు వాక్యాలను నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను, కింద పద్నాలుగేళ్ళ నిర్వచనం రాశాను.

మధ్యాహ్నం ఆ కౌంటరుకు వెళ్ళలేదు. పై అంతస్తులో ఉన్న అధికారిణి గది ముందు నిలబడ్డాను. ఆమె లోపలికి పిలిచి కుర్చీ చూపించారు. ఉదయం నుంచి ఆ భవనంలో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి ఆమె. కాగితం రెండుసార్లు చదివారు. పెట్టె తెప్పించి 14+ అన్న అచ్చు చూశారు. “ఇది ఏ ఇంజను?” అని అడిగారు. చెప్పాను, స్విండన్, చిత్తరంజన్, నాయన, అంతా చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. ఫైలు మీద నాలుగు పంక్తులు రాసి సంతకం చేశారు. పది నిమిషాలు పట్టింది. రోజుల తరబడి మూడు ఉత్తరాలకు దొరకని న్యాయం, నియమం చదివే ఓపిక ఉన్న ఒక్క మనిషి దగ్గర పది నిమిషాల్లో దొరికింది. ప్రజల జీతం తింటూ తాను అమలు చేసే నియమాన్ని చదవనివాడు ఆ కుర్చీకి తగడు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

సుంకం సంగతి దాచను. బొమ్మల పద్దు మీద సుంకాన్ని 2023 బడ్జెట్‌లో 60 శాతం నుంచి 70కి పెంచారు. తపాలా ఖర్చుతో కలిపి నా ఇంజను విలువ 18,000 రూపాయలుగా కట్టారు. దాని మీద సుంకం 12,600, ఆ మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ) 5,508. వెరసి 18,108 కట్టాను. ఇంజను ధరకు ఇంజను ధర. ‘కానుక అని రాయించండి, సుంకం తప్పుతుంది’ అని ముందే సలహా ఇచ్చినవారు ఉన్నారు. 2019 డిసెంబరు నుంచి కానుక పేరుతో అలా తెప్పించుకోవడమే నిషేధం. నిషేధం లేకపోయినా నేను రాయించేవాణ్ణి కాదు. అబద్ధం రాసిన కాగితం చేతిలో ఉంటే ఆ గది ముందు అంత ధైర్యంగా నిలబడగలిగేవాణ్ణా?

మీరు తెప్పించుకునేటప్పుడు బిల్లు, డబ్బు కట్టిన రుజువు, సంస్థ ఆ ఇంజను గురించి ఇచ్చిన ప్రకటన, పెట్టె మీది వయసు ముద్ర ఫొటో, ఈ నాలుగూ ముందే తీసి ఉంచుకోండి. ముద్ర ఫొటోను ఇంజను బయలుదేరకముందే అంగడివాళ్ళను అడగండి. నేను అడగలేదు. పెట్టె వాళ్ళ దగ్గర, వాదన నా దగ్గర అయిపోయింది.

గురువారం రాత్రి భోజనాలయ్యాక గదిలో పట్టాలు తుడిచి ఇంజను పెట్టాను. వంగిన హ్యాండ్‌రైలును పట్టకారుతో సరిచేశాను, దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. నాయన కుర్చీ లాక్కుని, కళ్ళద్దాలు తుడుచుకుని, వంగి చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత వేలు చాచి, ముట్టకుండా, ఫైర్‌బాక్సు చూపించారు. “వెడల్పుగా పెట్టాడు. మన డబ్ల్యూజీకీ ఇంతే. నాసి బొగ్గు మండాలంటే వెడల్పు ఉండాలి.” ఇంజనును నడిపే పెద్ద చక్రాలు లెక్కపెట్టారు. “పది. మనకు ఎనిమిదే.” మళ్ళీ వంగి, “నడిమి చక్రానికి ఫ్లాంజి లేదేమిటి? ఊడిపోయిందా?” అన్నారు. పట్టా మీంచి జారకుండా ఉంచే ఆ అంచు అసలు ఇంజనుకే అక్కడ లేదని, పది చక్రాలతో మలుపు తిరగడానికి అలా కట్టారని చెప్పాను. తల ఊపారు. “తెలిసినవాడే కట్టాడు” అన్నారు.

నెమ్మదిగా కరెంటు ఇచ్చాను. ఇంజను కదిలింది. మలుపు దగ్గర నాయన కుడి చేయి దానంతట అదే పైకి లేచి, లేని కూత తీగను లాగింది.

“కూత లేదా?”

“దానికి శబ్దం చేసే డీకోడరు వేరే కొనాలి నాయనా.”

“అది కూడా అక్కడి నుంచే రావాలా?”

“అక్కడి నుంచే.”

“తెప్పించు” అన్నారు. “ఈసారి ఆ ఆఫీసుకు నేనూ వస్తాను.”