రిస్క్ అంటే వచ్చేసినట్టేనా?

క్యాన్సర్ అనగానే చాలామంది మొదట అడిగేది "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా" అని. నిజానికి పుట్టుకతో వచ్చే జీన్ లోపం వల్ల వచ్చేవి మొత్తంలో 5 నుంచి 10 శాతమే, మిగతా వాటిలో వయసుది పెద్ద చెయ్యి, కణాలు విడిపోయే ప్రతిసారీ డీఎన్ఏలో చిన్న చిన్న తప్పులు పడుతూ ఏళ్ల తరబడి పోగవుతాయి కదా, దానికేం చేయలేం. కానీ పొగాకు అలా కాదు. సిగరెట్ తాగేవాళ్లకి లంగ్ క్యాన్సర్ రిస్క్ తాగనివాళ్లకంటే 15 నుంచి 30 రెట్లు ఎక్కువ, అయినా "మా తాత తాగి తొంభై ఏళ్లు బతికాడు" అనేవాళ్లు ఉంటారు, ఆ తాతలు బతికారు కాబట్టే కథలో ఉన్నారు, పోయినవాళ్ల గురించి ఎవరు చెప్తారు!

మందు (ఆల్కహాల్) కూడా అంతే, రొమ్ము, లివర్, గొంతు క్యాన్సర్లకి లింకు ఉంది. బరువు, ఎండ సరే తెలిసినవే. ఎవరూ పట్టించుకోనిది ఇన్‌ఫెక్షన్లు. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, హెపటైటిస్ బి వల్ల లివర్ క్యాన్సర్ వస్తాయి, రెండిటికీ వ్యాక్సిన్ ఉంది. హెచ్‌పీవీది 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే బాగా పనిచేస్తుంది, మగపిల్లలకి కూడా వేయించొచ్చు.