గెడ్డ కోసం ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్ళిన నా అనుభవం

మా ఎగువ కొండ మీద లేటరైట్ అనే ఎర్రరాయి తవ్వకానికి పర్యావరణ అనుమతి కోరుతూ ఒక సంస్థ పెట్టుకున్న దరఖాస్తుపై ప్రజాభిప్రాయ సేకరణ నిన్న జరిగింది. ఆ కొండ నుంచి దిగే గెడ్డే (కొండవాగే) దిగువ చెరువులకు ఆధారం కనుక మేము కొందరం అభ్యంతరాలు చెప్పడానికి వెళ్ళాము.

తొలి దశలు సులువుగానే గడిచాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికా ప్రకటన రావాలి, వచ్చింది. తవ్వకం వల్ల పర్యావరణంపై పడే ప్రభావం గురించి సంస్థ తరఫున తయారైన ముసాయిదా నివేదికను జిల్లా పరిషత్ కార్యాలయంలో చూడనిమ్మంటే చూడనిచ్చారు.

నివేదికలో గెడ్డను వానాకాలంలో మాత్రమే పారే వాగుగా రాశారు. వర్షాకాలం కాని ఒక ఋతువులో వివరాలు సేకరిస్తే చాలునని నిబంధనే వెసులుబాటు ఇస్తున్నది కనుక, నివేదిక తయారుచేసినవారు నడివేసవిలో వచ్చి, రాళ్ళ కింద నుంచి నడిచే నీటిని చూడకుండానే వెళ్ళిపోయారు. లేటరైట్ రాయి నిండా తొర్రలే. అది వాన నీటిని పీల్చుకుని, కింద జిగట మట్టి పొర తగిలిన చోట ఊటగా వదులుతుంది. అలాంటి చోటనే, ఒక నేరేడు చెట్టు వేళ్ళ సందున, మండుటెండల్లో కూడా బొటనవేలంత ధార పడుతుంటే మేము తేదీలతో సహా ఫొటోలు తీసి పెట్టుకున్నాము.

అసలు అవమానం సభలో ఎదురైంది. నా వంతు రాగానే వేదిక మీది అధికారి నా అభ్యంతరం వినకుండా ముందు నా ఊరి పేరు అడిగి, “మీరు బాధిత గ్రామస్థులు కారు, కూర్చోండి” అన్నారు. మైకు ఆగిపోయింది. ముందు వరుసల్లో కూర్చున్న సంస్థ మనుషులు నవ్వారు. ఉద్యోగాలు వస్తాయని ఆశపెట్టి తీసుకొచ్చిన మా కుర్రాళ్ళే చప్పట్లు కొట్టడం నన్ను అంతకన్నా ఎక్కువ బాధించింది. హాజరైన ప్రతి ఒక్కరికీ సమాచారం, వివరణ కోరే అవకాశం ఇవ్వాలని నోటిఫికేషన్‌లో ఉన్న భాగాన్ని మైకు లేకుండానే గట్టిగా చదివి, నివేదికలోని 10 కిలోమీటర్ల అధ్యయన పరిధి పటంలో మా ఊరి పేరును వేలితో చూపించాను. ఆ సభలో నివేదికను ఆసాంతం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. వెనుక నుంచి ఒక ముసలమ్మ లేచి, “గెడ్డ ఏ ఊరని అడిగి దిగుతాదేటి బాబూ, ఆయన్ని చెప్పనీ” అన్న తరువాతే మైకు తిరిగి చేతికొచ్చింది.

అంతటితో అయిపోలేదు. సభ చివర కార్యక్రమ సారాంశాన్ని అందరి ముందూ స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు సంతకాలు చేయాలి. చదివినప్పుడు మా మాటలన్నీ కలిపి “కొందరు నీటి గురించి అడిగారు, సంస్థ హామీ ఇచ్చింది” అన్న ఒక్క వాక్యమయ్యాయి. అప్పటికి సంస్థ ఏర్పాటు చేసిన బస్సుల్లో సగం మంది వెళ్ళిపోయారు. తన పార్టీ గొప్పలు చెప్పి చప్పట్లు కొట్టించుకున్న మా నాయకుడు అందరికన్నా ముందే జారుకున్నాడు. మేము మాత్రం కదలలేదు. ఊట సంగతి, వేసవి ఫొటోల సంగతి, వర్షాకాలం తరువాత మళ్ళీ నీటి అధ్యయనం జరపాలన్న కోరిక విడివిడిగా రాసేదాకా వాదించి, రాసినది మళ్ళీ చదివించుకున్నాము.

ఇలాంటి సభకు వెళ్ళేవారు నాయకుల ప్రసంగాలను నమ్ముకోకండి, చివరిదాకా ఉండండి. అభ్యంతరాన్ని రాతపూర్వకంగా కూడా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఒడిశాలోని నియమగిరి కొండల్లో 2013లో 12 గ్రామసభలు గనిని తిరస్కరించిన ఉదాహరణను మా వాళ్ళు పదే పదే చెప్పారు కానీ, అక్కడ సుప్రీంకోర్టు ఆదేశంతో, అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలు నిర్ణయించాయి. ఇక్కడ జరిగేది ఓటింగు కాదు, చేతులు ఎన్ని లేచాయన్నది ఎవరూ లెక్కపెట్టరు. అనుమతి దరఖాస్తును పరిశీలించే మదింపు కమిటీ ముందుకు వెళ్ళేది కాగితం మీదకెక్కిన అభ్యంతరం, దానికి సంస్థ ఇచ్చే జవాబు మాత్రమే. ఒకవేళ అనుమతి ఇచ్చేస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో 30 రోజుల్లోగా అప్పీలు వేయాలి కనుక, నిన్నటి వీడియో రికార్డింగు నకలు కోసం ఈ ఉదయమే దరఖాస్తు పెట్టాము.